ఉమ్మేసిన టీ

ఆ రోజు పొద్దున ఆ ఇంట్లో తాలింపు వెయ్యలేదు. ఉల్లిపాయ కొయ్యలేదు. అత్తగారు తలకు నూనె రాసుకోలేదు, ముఖానికి పౌడరు అద్దుకోలేదు. పాలు కూడా కాయలేదు. టీ వ్యాపారం పెట్టుకున్న ఇంట్లో ఆ పూట ఎవరికీ టీ లేదు.

అంతా కోడలి ఆజ్ఞ. పెద్ద టీ దుకాణం నుంచి రుచి చూసే ఆయన వస్తున్నాడు. ఆయన వచ్చేసరికి ఇంట్లో ఏ వాసనా ఉండకూడదు. టీ ఆకు పక్కింటి వాసనను కూడా పీల్చేసుకుంటుందట.

"మనుషుల వాసన పరవాలేదా, మమ్మల్ని కూడా మేడ మీద ఆరేస్తావా?" అంది అత్తగారు.

"మీరుండొచ్చు అత్తయ్యా. ఆయనున్నంతసేపూ మాట్లాడకుండా ఉంటే చాలు."

"అదే కష్టం," అన్నాడు మామగారు. దాంతో ఆయన ఆ పూటకు మాట్లాడాల్సింది అయిపోయింది.

ఏడాదిగా కోడలు వంటింట్లో ఒక మూల కూర్చుని టీలు కలుపుతోంది. ఏది కలిపినా మొదటి కప్పు అత్తమామలదే. గులాబీ రేకుల టీ తాగి అత్తగారు, "స్నానం చేసిన నీళ్ళలా ఉంది. సబ్బు మాత్రం మంచిదే," అంది. మల్లెల టీ తాగి, "టీ తాగినట్టు లేదు, పూలకొట్టు ముందు నిలబడ్డట్టుంది," అంది. పచ్చాకు టీ తాగాక గేదె ఎందుకు నెమరేస్తుందో తనకు తెలిసిందని చెప్పింది. పొగబెట్టిన టీ తాగి కప్పు అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరైనా ఇందులో చుట్ట ఆర్పారా?" అని అడిగింది. నారింజ తొక్క టీ మాత్రం రెండో కప్పు పోయించుకుంది. "పారబొయ్యడం ఎందుకని," అంది. మామగారు అన్నిటికీ తల ఊపేవాడు. అడ్డంగా ఊపాడో నిలువుగా ఊపాడో ఎవరికీ తెలిసేది కాదు.

ఈ ఏడాదంతా టీ కొన్నది చుట్టాలూ, ఇరుగుపొరుగూ. వాళ్ళు మొహమాటానికి కొన్నారు. ఈ దుకాణం వాళ్ళు కాదంటే బట్టల కొట్లో బిల్లులు కొట్టే పాత పనికి వెళ్ళిపోతానని కోడలు మొగుడితో తనే చెప్పేసింది. చెప్పినప్పటి నుంచి ఆమెకు సరిగా ముద్ద దిగడం లేదు.

ఇక మామగారి మోకాలి సంగతి. ఆయన బస్సు నడిపి రిటైరయ్యాడు. క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు అరిగిపోయింది. దానికి రోజూ ఒక నొప్పి మందు రాస్తాడు. దాని మూత తీస్తే వీధి చివర కుక్క తుమ్ముతుంది.

"మామయ్యా, ఆ సీసా ఎక్కడైనా దాచెయ్యండి. వాసన బయటికి రాకుండా," అని కోడలు ముందు రోజే చెప్పింది.

ఆయన ఆలోచించాడు. బీరువాలో పెడితే బట్టలకు అంటుకుంటుంది. గుమ్మం బయట పెడితే ఎవరైనా పట్టుకుపోతారు. వాసన ఇసుమంతైనా బయటికి పోనివి ఇంట్లో ఏవంటే కోడలి టీ డబ్బాలే. ఆ మాట ఆమే వందసార్లు చెప్పింది. అమ్మే టీల జోలికి ఆయన పోలేదు. పై అరలో ఇంటి వాడకం టీపొడి ఉన్న డబ్బా తీశాడు. మందు సీసాను పొడిలో అడుగుదాకా పూడ్చాడు. డబ్బా మూత గట్టిగా బిగించాడు. సీసా మూత మాత్రం ఎప్పటి నుంచో వదులు. చెప్పిన పని చెప్పినట్టు చేశానని తృప్తిగా వెళ్ళి కూర్చున్నాడు.

రుచులాయన వచ్చాడు. సన్నగా ఉన్నాడు. మెడ చుట్టూ మఫ్లరు. ముఖం ముడుచుకుపోయి ఉంది. కోడలు నమస్కారం పెడితే "ఊఁ" అన్నాడు. కూర్చోమంటే "ఆఁ" అన్నాడు. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"పొగరు," అని అత్తగారు మామగారి చెవిలో ఊదింది.

కోడలు అయిదు కప్పులు వరసగా పెట్టి, టీలు పోసి, ఇంకో విడత వేడినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. రుచులాయన సంచిలోంచి గుడ్డలో చుట్టిన చెంచా తీశాడు. "ఒక గిన్నె కావాలి," అన్నాడు. ఎందుకో చెప్పలేదు. వచ్చిన మనిషికి లోటు చెయ్యకూడదని అత్తగారు కొత్త స్టీలు గిన్నె తెచ్చి ముందు పెట్టింది. దాని మీద కాగితం కూడా ఇంకా ఊడదీయలేదు.

ఆయన గులాబీ టీని చెంచాలోకి తీసుకుని, సైకిలు ట్యూబు పేలినట్టు జుర్రున పీల్చాడు. కళ్ళు మూసుకుని నోట్లో అటూ ఇటూ తిప్పాడు. అత్తగారు గుమ్మం దగ్గర మెడ చాచింది. ఆయన తుపుక్కున గిన్నెలో ఉమ్మేశాడు.

"అయ్యో! కొత్త గిన్నె అండీ!" అంది అత్తగారు.

రుచులాయన మల్లెల టీ పీల్చాడు, ఉమ్మేశాడు. నారింజ తొక్క టీ పీల్చాడు, అదీ ఉమ్మేశాడు.

"అది నేను రెండు కప్పులు తాగానండీ! ఇప్పుడు ఉమ్మింది టీని కాదు, నన్ను!" అంది అత్తగారు. "పిల్ల చూస్తే గుండె పగిలి చస్తుంది. మీరేమైనా చేస్తారా, దిమ్మలా నిలబడతారా?"

కోడలి టీని పూటపూటా తిట్టిపోసిన మనిషి ఆమే. ఇంట్లోవాళ్ళు తిట్టడం వేరు, బయటివాడు ఉమ్మడం వేరు.

మామగారు కుంటుకుంటూ వెళ్ళి రుచులాయనకు ఎదురుగా కూర్చున్నాడు. నాలుగో కప్పు ఎత్తి గటగటా తాగేశాడు. అయిదో కప్పు ఎత్తి అదీ తాగేశాడు. రెండు కప్పులూ బల్ల మీద బోర్లించి, మూతి తుడుచుకుని, టీ తాగడం ఇలా అన్నట్టు చూశాడు.

"అవి నావండీ," అన్నాడు రుచులాయన.

అప్పుడే వేడినీళ్ళతో వచ్చిన కోడలు గుమ్మంలో ఆగిపోయింది. "మామయ్యా! ఇదేం పని?"

"ఉమ్మేవాడికి పోసేకంటే తాగేవాడికి పొయ్యడం మేలు!" అంటూ అత్తగారు ఆమెను తోసుకుని వంటింట్లోకి పోయింది. "నేనిస్తా ఆ మనిషికి టీ. ఎలా ఉమ్ముతాడో చూస్తా!"

కోడలు రుచులాయనకు దణ్ణం పెట్టి, మళ్ళీ వంటింట్లోకి పరిగెత్తింది.

"అత్తయ్యా, రుచి చూసేవాళ్ళు ఉమ్మే తీరాలి. అదే వాళ్ళ పద్ధతి. ఉమ్మకపోతే అన్ని కప్పులు ఎలా చూస్తారు? కడుపా, చెరువా?"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"మాట్లాడొద్దని మీకు చెప్పే హడావిడిలో అది చెప్పడం మర్చిపోయాను."

అప్పటికే టీ మరిగిపోతోంది. అత్తగారు పై అర డబ్బాలోంచి పైపైన రెండు చెంచాల పొడి తీసి, పాలు, పంచదార వేసేసింది. డబ్బాలోంచి గుప్పుమన్న వాసన ఆమెకు తెలియలేదు. పెళ్ళయిన కొత్తలో సంగతి వేరు గాని, చాలా ఏళ్ళుగా ఆమె ముక్కుకు అది మందు వాసన కాదు, మొగుడి వాసన. కోడలి ముక్కుకేమో ఆ క్షణంలో భయం తప్ప ఇంకేం తగలడం లేదు.

"చేసేశాను. ఇక పారబొయ్యను," అని అత్తగారు కప్పు పట్టుకుని నడిచింది. రుచులాయన చేతిలో పెట్టింది. స్టీలు గిన్నె తీసి వీపు వెనక దాచుకుంది. "తాగండి. మా ఇంటి టీ."

ఆయన పీల్చాడు. గిన్నె కోసం చూశాడు. గిన్నె లేదు. అత్తగారి కళ్ళు ఉన్నాయి. మింగేశాడు.

ముందు చెవులు ఎర్రబడ్డాయి. తరవాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మఫ్లరు లాగి పారేశాడు. ఆ పైన ఒక తుమ్ము తుమ్మాడు. కప్పులన్నీ గలగల్లాడాయి. కోడలు గోడకు చేరగిలబడింది. బట్టల కొట్లో ఆమె కుర్చీ కళ్ళముందు కనబడింది.

"అమ్మా, ఈ గదిలో నారింజ వాసన వస్తోందా?" అన్నాడు రుచులాయన. గొంతు మారిపోయింది. బావిలోంచి పైకొచ్చింది.

"ఇందాకటి నుంచీ వస్తోందండీ."

"నాకు ఇప్పుడే వచ్చింది." ఆయన ముఖం విప్పారింది. కాసేపు హాయిగా ఊపిరి పీల్చి వదిలాడు. "పడిశమమ్మా. ముక్కు రాయిలా బిగుసుకుపోయింది. దుకాణంలో చెబితే, ముక్కు పనిచెయ్యనివాడు మాకెందుకంటారు. ఇందాకటి దాకా నేను ఉమ్మింది మీ టీ కాదు, వేడినీళ్ళు. దేనికీ రుచి లేదని చెప్పి వెళ్ళిపోదామనుకున్నాను."

"ముక్కు ఇంట్లో పెట్టొచ్చి మా పిల్లకు వంక పెడదామనుకున్నావా?" అంది అత్తగారు. అని, వీపు వెనక గిన్నె తీసి ముందు పెట్టింది. "అన్నీ మొదటి నుంచి చూడు."

కోడలు మళ్ళీ అయిదు కప్పులూ పోసింది. ఈసారి మామగారిని గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. గిన్నె అత్తగారే పట్టుకుంది. "ఉమ్ము నాయనా, ఉమ్ము. మొహమాటపడకు," అంటూ ప్రతి కప్పుకూ ముందుకు చాచింది.

"నారింజ తొక్క టీ మా కొట్లో పెడదాం," అన్నాడు చివరికి రుచులాయన. "పొగ టీ కూడా. దానికి అడిగేవాళ్ళున్నారు. గులాబీ మాత్రం కాస్త తగ్గించండమ్మా. సబ్బు గుర్తొస్తోంది."

అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"అన్నట్టు, ఆ మింగిన టీలో ఏం కలిపారండీ?" అని ఆయన అత్తగారిని అడిగాడు. "ఇన్నేళ్ళలో అలాంటిది ఎక్కడా చూడలేదు."

"ఏముంది? పొడి, పాలు, పంచదార. చేతిలో ఉంటుంది నాయనా."

సరిగ్గా అప్పుడే మామగారికి మోకాలు సలిపింది. పని అయిపోయింది కదా, ఇక వాసన వచ్చినా పరవాలేదనుకున్నాడు. వంటింట్లోకి వెళ్ళి పై అర డబ్బా తెచ్చుకుని, అందరి ముందూ కూర్చుని, టీపొడిలో చెయ్యి పెట్టి మందు సీసా పైకి తీశాడు. దానికంటిన పొడి జాగ్రత్తగా దులిపి డబ్బాలోకే వేశాడు.

కోడలు నేల మీద కూర్చుండిపోయింది. అత్తగారు గిన్నె వదిలేసింది.

రుచులాయన సీసా వంక చూశాడు. ఖాళీ కప్పు వంక చూశాడు. "అది... లోపలికి పుచ్చుకునే మందేనా?" అన్నాడు.

"మోకాలికైతే బాగా పనిచేస్తుంది," అన్నాడు మామగారు.

రుచులాయన ముక్కు తడుముకున్నాడు. ఒకసారి గాలి పీల్చాడు. అది చల్లగా లోపలిదాకా వెళ్ళింది. "ఈ డబ్బా నాకిచ్చెయ్యండి," అన్నాడు. "తాగను. ఒట్టు. రోజూ కొట్టుకెళ్ళే ముందు మూత తీసి వాసన చూసి పెడతాను."

కోడలు వద్దంటున్నా అత్తగారు డబ్బాను గుడ్డలో కట్టి ఇచ్చేసింది.

నారింజ తొక్క టీ ఇప్పటికి మూడుసార్లు దుకాణానికి వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ కోడలు చూడకుండా అత్తగారు పెట్టెలో ఒక మూల రుచులాయనకు ఇంకో డబ్బా సర్దుతుంది. ఆ ఇంట్లో ఇప్పుడు నొప్పి మందు రెండు సీసాలు కొంటున్నారు. ఒకటి మోకాలికి.