మోకు పుస్తకానికి కట్టిన పట్టీ

నెముసావ పట్టణం ఇకమీదట 'మొదటి సంపుటం పట్టణం'గా ప్రపంచ చరిత్రలో నిలిచిపోతుందని మేయర్ గొందో మంగళవారం మధ్యాహ్నం మైకులో ప్రకటించారు. భూకంపమో వరదో వచ్చినప్పుడు వాడే మైకులవి. ప్రతి వీధి మలుపులోనూ స్తంభం మీద ఉంటాయి. మైకు మోగగానే జనం అలవాటు ప్రకారం గ్యాస్ కట్టేసి బయటికి పరుగెత్తుకొచ్చారు. వాళ్లంతా తన ప్రసంగం కోసమే వచ్చారని మేయర్ గారు ఆఫీసు కిటికీలోంచి గమనించారు. ఇంతటి స్పందన అంతకుముందు ఏ మేయరుకూ రాలేదు.

ఆ సమయానికి కుసునోకి కోతోనె తాను పనిచేసే ఊరి స్నానశాలలో ఆడవాళ్ల వైపు నేల తోముతోంది. ప్రకటన తన గురించేనని మైకులో రెండోసారి వినిపించాక గాని ఆమెకు అర్థం కాలేదు.

"నీ పేరే కదే అది?" అంది స్నానశాల యజమానురాలు తత్సు బామ్మ, టికెట్లిచ్చే గట్టు మీద నుంచి. "ఏం చేశావేంటి?"

"మాంగా గీశాను బామ్మా. అచ్చవుతోంది."

"అంతేనా. మైకులో చెబుతుంటే పారిపోయిన దొంగవనుకున్నా."

ఆ మాంగా, అంటే బొమ్మల కథ, పేరు 'ఆవిరి మోకు'. ఆకాశం నుంచి జారిపడిన ఒక చిన్న మబ్బు ఊళ్లో స్నానశాలలో ఆవిరిగా పనికి కుదురుతుంది. ఇంటికి దారి తెలియదు. వచ్చినవాళ్లందరినీ దారి అడుగుతుంది. వాళ్లు ముందు వీపు తోమమంటారు. మొదటి సంపుటం చివరి పేజీలో మోకు స్నానశాల పొగగొట్టం అంచున కూర్చుని పైకి చూస్తుంటుంది.

మోకు ఇంటికి ఎలా చేరుతుందో కోతోనెకు తెలుసు. అది గీయాలంటే రెండో సంపుటం కావాలి. రెండోది కావాలంటే మొదటిది అమ్ముడుపోవాలి. టోక్యో నుంచి ఎడిటర్ హయామి ఫోన్లో ఆ సంగతి దాచకుండా చెప్పింది. "పుస్తకం వచ్చాక నెల తిరిగేలోపు కాపీలు కదలకపోతే మోకు ఆ పొగగొట్టం మీదే ఉండిపోతుంది కోతోనె గారూ. నా చేతిలో ఏమీ లేదు."

అందుకే మేయర్ గారి కార్యదర్శి సెకీనె వచ్చి, విజిటింగ్ కార్డు రెండు చేతులా అందించి, నడుం వంచి, "మీ పుస్తకానికి మేయర్ గారు ఓబి రాస్తారు" అన్నప్పుడు కోతోనె ఆయనకంటే ఎక్కువ వంగింది.

ఓబి అంటే అట్టకు కిందివైపు చుట్టే కాగితం పట్టీ. పేరున్నవాళ్లెవరో దానిమీద పుస్తకాన్ని మెచ్చుకుంటారు. అది చూసి జనం కొంటారు. కోతోనె పేజీలన్నీ సెకీనెకి ఇచ్చింది. మేయర్ గారి వాక్యం ఆ వారంలోనే వచ్చింది.

'తెల్లవార్లూ చదివాను. ఈ గొర్రెపిల్ల మన పట్టణ ప్రజల పట్టుదలకు ప్రతీక.'

"సెకీనె గారూ, మోకు మబ్బండీ," అంది కోతోనె.

"మేయర్ గారికి గొర్రెపిల్లలా కనిపించింది. అది వారి దృష్టి."

"మబ్బు అని పేజీకోసారి రాసి ఉంటుందండీ."

"వారు లోతుగా చదువుతారమ్మా. పైపైన రాసినవి పట్టించుకోరు."

కోతోనె మళ్లీ వంగింది.

మేయర్ గారి పేరున్న చోట నగరసభ అధ్యక్షుడి పేరు లేకపోతే ఆయన ఆ ఏడాది దేనికీ రారు. ఆయన పేరుంటే ప్రతిపక్ష నాయకురాలి పేరుండాలి. ఆమె ఉన్నాక రైతు సహకార సంఘం, వ్యాపారుల సంఘం, అగ్నిమాపక స్వచ్ఛంద దళం ఊరుకోవు. వాక్యాలు వచ్చిపడ్డాయి. ఫోటోలూ వచ్చాయి. అట్టలో మూడో వంతు ఉండాల్సిన పట్టీ సగానికి పెరిగింది. ఆ పైవారం అట్ట బొమ్మలో పొగగొట్టం కింద నిలబడ్డ మోకు కళ్ల దాకా వచ్చింది. చివరికి పొగగొట్టం కొస ఒక్కటే మిగిలింది. దానివల్ల పట్టణంలో కాలుష్యం ఉందన్న అపోహ కలుగుతుందని ప్రతిపక్ష నాయకురాలు అభ్యంతరం చెబితే దాన్నీ కప్పేశారు. ఆ విషయంలో సభ ఏకగ్రీవం.

ఎవరి ఫోటో ఎక్కడుండాలో తేల్చడానికి మునిసిపల్ ఆఫీసులో సమావేశం పెట్టారు. ఎప్పటిలాగే తలుపుకి దూరంగా మేయర్ గారు, తర్వాత హోదా ప్రకారం మిగతావాళ్లు కూర్చున్నారు. కోతోనెకి తలుపు పక్కన కుర్చీ వేశారు. ఎవరు వచ్చినా తలుపు ఆమె మోకాలికి తగులుతోంది.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నారు అధ్యక్షుడు. "గదిలో ఎలా కూర్చున్నామో పట్టీ మీదా అలాగే. తలుపుకి దూరంగా పెద్దవాళ్లు."

"పుస్తకానికి తలుపెక్కడుందండీ?" అన్నాడు అగ్నిమాపక దళం నాయకుడు మురోయి.

సభ ఆలోచనలో పడింది. టీ వచ్చింది. టీ అయిపోయింది.

"తెరుచుకునే వైపే తలుపు," అన్నాడు సెకీనె చివరికి.

"అంటే కుట్టు వైపు మేయర్ గారు. తెరుచుకునే వైపు నేనా?" మురోయి లేచి నిలబడ్డాడు. "మీ ఇళ్లు తగలబడితే మాత్రం నేను ముందుండాలి. ఫోటోకి వచ్చేసరికి చెప్పులు విడిచే చోటా?"

"కూర్చో మురోయీ, ఇల్లేం తగలబడలేదు ఇప్పుడు," అన్నారు అధ్యక్షుడు.

"తగలబడనీయండి, చెబుతా."

మేయర్ గారు చెయ్యెత్తారు. గది సద్దుమణిగింది. ఆయన పాలనలో ఎన్నో జటిల సమస్యలు పరిష్కారమయ్యాయి గాని ఇంత క్లుప్తంగా ఏదీ కాలేదు.

"తలుపు ఉంటేనే కదా ఈ గొడవ," అన్నారాయన. "పట్టీని చుట్టూ తిప్పి అంటించేయండి. పుస్తకం తెరుచుకోదు. తలుపే ఉండదు. అందరూ సమానం."

చప్పట్లు మోగాయి. ప్రజాస్వామ్యమంటే ఇదని ప్రతిపక్ష నాయకురాలు కూడా ఒప్పుకుంది. మురోయి కళ్లు తుడుచుకున్నాడు.

"మరి చదవడం ఎలాగండీ?" అని కోతోనె అడిగింది. అప్పుడే ఎవరో తలుపు తీశారు. ఆమె మోకాలు పట్టుకుని పక్కకి జరిగింది. ప్రశ్న నమోదు కాలేదు.

హయామి ఫోన్లో సెకీనెని అదే అడిగింది. "అందరం ముందే చదివేశామండీ," అన్నాడు సెకీనె. మొత్తం పుస్తకాలు పట్టణమే కొంటుందని కూడా చెప్పాడు. హయామి ఏ రంగు జిగురు కావాలని అడిగింది.

"నీకు నోరు లేదే?" అంది తత్సు బామ్మ ఆ సాయంత్రం. "నీ పుస్తకాన్ని డబ్బాలా మూసేస్తుంటే వంగి దండాలు పెడతావా?"

"మోకు పొగగొట్టం మీద ఉంది బామ్మా," అంది కోతోనె. "దాన్ని దింపాలి."

బామ్మ బకెట్ ఆమె వైపు జరిపింది.

ఆవిష్కరణ కమ్యూనిటీ హాల్లో జరిగింది. పుస్తకాలు మధ్యాహ్నానికే అయిపోయాయి. ఫోటో ఉన్నవాళ్లు తమ బంధువులందరికీ కొన్నారు. బడి వదిలాక పిల్లలు వచ్చేసరికి బల్లలు మడుస్తున్నారు. వ్యాపారుల సంఘం అధ్యక్షుడు కోతోనె దగ్గరికి వచ్చి, గుర్రప్పందెం ఘట్టం అద్భుతమన్నారు. మోకు కథలో గుర్రమే లేదు. ఆమె ధన్యవాదాలు చెప్పింది.

తత్సు బామ్మ ఒక పుస్తకం సంపాదించి, అంచులో గోరు దూర్చింది.

"ఆగండాగండి!" సెకీనె పరుగెత్తుకొచ్చాడు. "అక్కడ చింపితే మేయర్ గారి చెవి పోతుంది."

"ఇటువైపు?"

"అధ్యక్షుల వారి గడ్డం."

"ఓరి నీ దుంపతెగ, మరి ఎక్కడ చింపమంటావు?"

"చింపకూడదు బామ్మగారూ. గౌరవంగా ఉంచుకోవాలి."

పట్టణమంతా గౌరవంగా ఉంచుకుంది. చాలా ఇళ్లలో పూర్వీకుల ఫోటోల పక్కన పెట్టి, ఉదయం పూట వాళ్లకి అన్నం పెట్టేటప్పుడు దానికీ దండం పెట్టారు. సాహిత్యానికి ఇంతటి మర్యాద దక్కిన పట్టణం మరొకటి లేదని జిల్లా పత్రిక రాసింది.

హయామి నెల తిరగకముందే ఫోన్ చేసింది. "ఒక్క కాపీ కూడా మిగల్లేదు. కోతోనె గారూ, రెండో సంపుటం ఖాయం!"

కోతోనె చేతిలోని చీపురు తొట్టిలో పడింది. స్నానానికి వచ్చినవాళ్లు ఎవరైనా పోయారేమోనని అడిగారు. "మోకు ఇంటికి వెళ్తోంది," అని ఏడుస్తూ చెప్పింది. వాళ్లకి మోకు ఎవరో తెలియదు. అయినా అయ్యో పాపం అన్నారు.

మర్నాడు ఆమె స్నానశాల మేడ మీద తన గదిలో బల్ల తుడిచి, కొత్త కాగితాలు సర్దింది. కింద సెకీనె గొంతు వినిపించింది. పొడుగాటి కాగితం చుట్ట చంకలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చి, వంగి, దాన్ని చాప మీద పరిచాడు. సిరా వాసన ఇంకా పోలేదు.

"రెండో సంపుటం పట్టీ," అన్నాడు.

కోతోనె చదివింది. 'చివరి పేజీలో మోకు మన బైపాస్ రోడ్డుకు రిబ్బన్ కత్తిరించినప్పుడు కన్నీళ్లు ఆగలేదు – గొందో, మేయర్.' దాని పక్కన: 'ఇల్లు వద్దనుకుని మోకు ఇక్కడే స్థిరపడటం నాకు నచ్చింది – నగరసభ అధ్యక్షుడు.'

"నేనింకా ఒక్క పేజీ కూడా గీయలేదండీ."

"తెలుసండీ. పోయినసారి పుస్తకం ముందు తయారవడంతో పట్టీకి చాలా ఇబ్బంది అయింది. ఈసారి ఆ పొరపాటు జరగనివ్వం."

"మోకు ఇంటికి వెళ్లాలి సెకీనె గారూ."

"కాపీలన్నీ పట్టణమే కొంటుంది," అన్నాడు సెకీనె. మళ్లీ వంగి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

కోతోనె చాలాసేపు కాగితం ముందు కూర్చుంది. కింద స్నానానికి జనం రావడం మొదలైంది. నేల సందుల్లోంచి ఆవిరి పైకి వస్తోంది. ఆమె పెన్ను సిరాలో ముంచి మోకును గీసింది. దాన్ని చూస్తూ ఉండి, ఒక చెయ్యి గీసింది. చేతికి కత్తెర ఇచ్చింది. పట్టు కుదరలేదు. రెండో చెయ్యి గీసింది.