పెద్దమ్మగారి పరామర్శకు జరిగిన ఏర్పాట్లు

మా విచారణలో, అంటే మా చర్చి కిందికి వచ్చే ఇళ్ళన్నిటిలో, మంచాన పడ్డ రోగుల కొరత తీవ్రంగా ఉన్నదని విశ్వాసులందరికీ ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఈ సంగతి ఒక ఆదివారం దివ్యపూజ అయ్యాక, చర్చి వెనక గదిలో టీ తాగుతుండగా బయటపడింది. దానికి కొన్ని వారాల ముందు ఫాదర్‌గారు రోగులను చూడటానికి వెళ్ళాలంటూ ప్రసంగం చేశారు. ప్రసంగం వినే అలవాటు మాకు లేదు. ఆ రోజు ఫ్యాన్లు తిరగక ఎవరికీ నిద్ర పట్టలేదు, అందువల్ల విన్నాం. విన్న పాపానికి ఒక సంఘం పెట్టాం.

దాని పేరు వ్యాధిగ్రస్తుల పరామర్శ సంఘం. అధ్యక్షుడు ఫర్నిచర్ షాపు యజమాని. చేతికొచ్చిన మైకును తిరిగి ఇచ్చిన చరిత్ర ఆయనకు లేదు కనుక ఊరంతా మైకుగారనే అంటుంది. ఉపాధ్యక్షుడు పళ్ళ డాక్టరు. అధ్యక్ష పదవి తనకు రావలసిందని ఈయన నమ్మకం, రాకపోవడం దైవసంకల్పమని మైకుగారి నమ్మకం. ఇద్దరిదీ గట్టి విశ్వాసమే. మిగతావాళ్ళం సభ్యులం. అందరికీ భుజం మీదుగా వేసుకునే పట్టీలు కుట్టించాలని తీర్మానించాం. ఏ రంగైతే రోగికి గుండె దడ పుట్టదో తేల్చడానికి కొన్ని వారాలు పట్టింది. చివరికి మైకుగారి షాపులో సోఫాలకు వాడగా మిగిలిన గుడ్డ రంగే ఆరోగ్యకరమని తేలింది.

పట్టీలు వేసుకుని చూసుకుంటే పరామర్శించడానికి ఎవరూ లేరు. మావాళ్ళు ఒక పట్టాన జబ్బు పడరు, పడితే నేరుగా సమాధికే పోతారు. మధ్యలో ఆగి సంఘానికి సహకరించేవాళ్ళు అరుదు. మా నిరాశను వర్ణించలేను. అలాంటి సమయంలో, దర్జీ పని చేసుకునే ఆవిడ ఒకరోజు పూజ అయ్యాక ఫాదర్‌గారి దగ్గరికి వచ్చి, తన తల్లి లేవలేకపోతోందని చెప్పింది. మా ముఖాలు వెలిగిపోయాయి.

ఆ తల్లిని అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. నడుము వంగిపోయిన మనిషి. బుద్ధి తెలిసిన నాటి నుంచి ఆదివారం పూజ మానలేదు. కుడివైపు స్తంభం పక్క బెంచీ ఆమెది. చర్చి మెట్లు ఆమె మోకాళ్ళకు అందనంత ఎత్తయిపోయాక రావడం మానేసింది. ఆ బెంచీ మీద ఇప్పుడు పళ్ళ డాక్టరుగారి అత్తగారి హ్యాండ్‌బ్యాగ్ కూర్చుంటోంది. అసలు డాక్టరు ఆమెకు మందులు ఆపేశాడట. ఇక ఏది కావాలంటే అది పెట్టమన్నాడట.

"మా అమ్మ వేరే ఏమీ అడగడం లేదు ఫాదర్‌గారూ," అంది దర్జీ ఆవిడ. "ఒక్కసారి సత్ప్రసాదం తీసుకుంటే చాలంటోంది. నాకు భయంగా ఉంది."

ఫాదర్‌గారు మెతక మనిషి. ఆలోచన లేకుండా, పూజలో ఆశీర్వదించిన ఆ అప్పాన్ని సాయంత్రం స్కూటరు మీద తెచ్చి ఇచ్చేస్తానన్నారు. మైకుగారు పక్కనే ఉండబట్టి సరిపోయింది. గురువు ఒక్కడే స్కూటరు మీద పోయి చేతిలో పెట్టి వస్తే దాన్ని డెలివరీ అంటారు గానీ పరామర్శ అనరని ఆయన గౌరవంగా వివరించారు. ఉన్న ఒక్క రోగినీ ఫాదర్‌గారే వాడేసుకుంటే సంఘం పట్టీలు వేసుకుని ఎక్కడికి పోవాలని కూడా అడిగారు. ఫాదర్‌గారు సరే, మీ ఇష్టం అన్నారు. ఆయన పద్ధతి అది. ఎవరితోనూ గొడవ పెట్టుకోరు, అందుకే మాకు ఆయనంటే అంత ప్రేమ.

రోగి ఇంటికి ఊరేగింపుగా వెళ్ళాలని తీర్మానించాం. అందులో ఎవరు ఎక్కడ నడవాలన్నది తరువాతి సమస్య. గంట, కొవ్వొత్తులు, గొడుగు తేలికగానే పంచుకున్నాం. సత్ప్రసాదం ఉంచే చిన్న బంగారు రంగు డబ్బీ దగ్గర పేచీ వచ్చింది. అధ్యక్షుడిగా అది తన చేతిలో ఉండాలని మైకుగారు, రోజూ వందమంది నోళ్ళలో పెట్టే శుభ్రమైన చేతులు తనవని పళ్ళ డాక్టరు పట్టుబట్టారు. మాటలు పెరిగాయి. ఒకరి పాపాలు ఒకరు ఎంత వివరంగా చెప్పుకున్నారంటే, ఆ వారం పాపసంకీర్తనం పెట్టెలో ఫాదర్‌గారికి కొత్తగా వినడానికి ఏమీ మిగల్లేదు. డబ్బీని చిన్న దిండులాంటి ఒక మెత్త మీద ఉంచి, ఆ మెత్తను ఇద్దరూ చెరో పక్క పట్టుకోవాలన్నది రాజీ. మెత్తను దర్జీ ఆవిడ చేతే కుట్టించాం. తల్లి మంచం పక్కన కూర్చుని కుట్టి ఇచ్చింది. అంచులు మరికాస్త గట్టిగా రావలసిందని సంఘం అభిప్రాయపడింది.

ఇక రిహార్సళ్ళు. భక్తి ఉంటే చాలదు, వరస తప్పకూడదు. చర్చిలోనే ఒక బెంచీ మీద దుప్పటి పరిచి, రోగి స్థానంలో మైకుగారి భార్యను పడుకోబెట్టాం. సత్ప్రసాదంతో ఆటలాడకూడదు కనుక ఖాళీ డబ్బీనే మెత్త మీద పెట్టుకుని నడిచాం. ఫాదర్‌గారు తలుపు దగ్గర నిలబడి ఆశీర్వదించి, మా వెనకే నడిచి, ఆవిడ ముందు డబ్బీ మూతను తాకి వదిలేసేవారు. అధ్యక్షులవారి భార్య ఎంత బాగా మూలిగేవారంటే చూసిన ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. ఇద్దరు ముగ్గురు పళ్ళు కూడా తెచ్చి ఇచ్చారు. ఆ అలవాటులోనే, విశ్వాసుల ప్రార్థనలో రోగుల స్వస్థత కోసం వేడుకున్నప్పుడు ఆవిడ పేరు చదివారు. పెద్దమ్మ పేరు చదవలేదు. ఆమె పేరును పరామర్శ రోజు కోసం దాచి ఉంచాం.

ఈలోగా పెద్దమ్మ ఒక తొందరపాటు పని చేసింది. ఒక ఆదివారం కూతురు ఆమెను అద్దె కారులో ఎక్కించుకుని చర్చి గేటు దాకా తెచ్చింది. ఎవరైనా వచ్చి మెట్ల మీదుగా ఎత్తుకుంటే లోపలికి వస్తుందట, లేదా సత్ప్రసాదమే కారు దగ్గరికి వస్తే అక్కడే తీసుకుంటుందట. సంఘం మొత్తం గేటు దగ్గరికి పరుగెత్తింది. అంతమంది ఆమెకోసం పరుగెత్తడం అదే మొదటిసారి.

"అమ్మా, మీరే వచ్చేస్తే మేమెక్కడికి వస్తాం?" అన్నారు మైకుగారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఇంటికెళ్ళి హాయిగా పడుకోండి. వచ్చే ఆదివారం మేమందరం మీ దగ్గరికే కదా వస్తున్నాం."

పెద్దమ్మ చర్చి తలుపు వైపు చూసింది. లోపల గంట మోగుతోంది. కారు కిటికీ మీద చెయ్యి ఉంచి, సరేలే బాబూ, వస్తామన్నారుగా, అంది. కూతురు కారును వెనక్కి తిప్పించింది. ఆ సహకారానికి గాను ఇద్దరినీ అభినందిస్తూ సంఘం తీర్మానం చేసింది.

అన్నట్టే తరువాతి ఆదివారం పరామర్శ జరిగింది. అంత చక్కని ఊరేగింపు మా విచారణ ఎరగదు. ముందు గంట, తరువాత కొవ్వొత్తులు, గొడుగు కింద మెత్త, మెత్తకు చెరో పక్క మైకుగారూ పళ్ళ డాక్టరుగారూ, వెనక ఫాదర్‌గారు, ఆ వెనక కీర్తనలు పాడుతూ మేము. రోడ్డు మీద సైకిళ్ళు ఆగిపోయాయి. మంగలి తన షాపు ముందుకు వచ్చి, సబ్బు నురగ చేతులతోనే సిలువ గుర్తు వేసుకున్నాడు. ఒక్క అడుగు తప్పలేదు.

దర్జీ ఆవిడ ఇల్లు ఒకే గది. కుట్టుమిషనును వీధిలో పెట్టి మాకు చోటు చేసింది. పట్టీలవాళ్ళం అందరం మంచం చుట్టూ సర్దుకున్నాం. ఫోటో తీసే అతను స్టూలు ఎక్కాడు. పెద్దమ్మకు తెల్లచీర కట్టి, తల దువ్వి, దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. సత్ప్రసాదానికి ముందు ఉపవాసం ఉండాలన్న నియమం జబ్బు మనిషికి లేదని కూతురు చెప్పినా వినలేదట.

ఫాదర్‌గారు "క్రీస్తు శరీరం" అన్నారు. పెద్దమ్మ "ఆమెన్" అని కళ్ళు మూసుకుని, నోరు తెరిచింది. ఫాదర్‌గారు డబ్బీ మూత తీశారు.

డబ్బీ ఖాళీగా ఉంది.

ఇందులో ఎవరి తప్పూ లేదని సంఘం దర్యాప్తులో తేలింది. రిహార్సళ్ళలో ఎలా చేశామో అచ్చం అలాగే చేశాం. ఖాళీ డబ్బీని మెత్త మీద పెట్టుకున్నాం, ఫాదర్‌గారు తలుపు దగ్గర ఆశీర్వదించారు, నడిచాం. మందసం తెరిచి సత్ప్రసాదం తీసి డబ్బీలో ఉంచే పని ఏ రిహార్సల్‌లోనూ లేదు. ఎంత చక్కగా నేర్చుకున్నామో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు.

ఫాదర్‌గారి వేళ్ళు గాలిలోనే ఆగిపోయాయి. పళ్ళ డాక్టరుగారు అలవాటు కొద్దీ వంగి పెద్దమ్మ నోట్లోకి చూశారు. మైకుగారు ఫాదర్‌గారి చెవి దగ్గర, "కానిచ్చేయండి ఫాదర్, ఆవిడకు చూపు ఆనదు," అన్నారు. ఫాదర్‌గారు తల అడ్డంగా ఊపి, ఇప్పుడే వెళ్ళి తెస్తాను, దారివ్వండి, అన్నారు. మేం ఆయన నోట మొట్టమొదటిసారి విన్న గట్టి మాట అదే. కానీ దారివ్వాలంటే గుమ్మంలో ఉన్నవాళ్ళు కదలాలి, కదిలితే ఫోటో చెడుతుంది.

పెద్దమ్మ కళ్ళు తెరవలేదు. మెల్లగా అడిగింది.

"నాయనా, నోరు ఇలా తెరిచే ఉంచనా?"

కూతురు తల్లి చెయ్యి పట్టుకుని, ఉంచమ్మా, వస్తోంది, అంది. అని మా ముఖాల్లోకి ఒక్కొక్కరినే చూసింది. ఆ చూపుకు ఏం చెయ్యాలో మాకు నేర్పలేదు. అందుకని వరసలో తరువాత ఏముందో అదే చేశాం. ముగింపు కీర్తన అందుకున్నాం. అన్ని చరణాలూ పాడాం, ఒక్క స్వరం తప్పకుండా. మా మధ్య నుంచి ఫాదర్‌గారు మోచేతులతో తోసుకుంటున్నారు, మంచం మీద ఆమె నోరు తెరుచుకునే ఉంది. మమ్మల్ని ఏమైనా అనే ముందు ఒక్క సంగతి ఆలోచించండి. మీరు ఆ గదిలో ఉండి, మీ భుజానా ఒక పట్టీ ఉండి, పక్కవాడు పాట ఎత్తుకుంటే, మీరు మాత్రం పాడకుండా పక్కకు జరిగి దారి ఇచ్చేవారా?