చప్పుడు లేని పంకా

వాన వస్తే ఇల్లు కురుస్తుందని, రాకపోతే బోరు ఎండుతుందని బెంగపడే మనిషి సంగయ్య. జహీరాబాదులో వాళ్ల గల్లీవాళ్లు ఫికర్ సంగయ్య అని ఊరికే పేరు పెట్టలేదు.

ఇప్పటి ఫికరు కంప్యూటరు. పదేళ్ల నాటిది. మీట నొక్కితే జొన్నలు పోసిన పిండి గిర్నిలా మోగుతుంది. మెడ పట్టేసి దవాఖానకు పోతే, డాక్టరు దాని ముందు కూర్చోవద్దన్నాడు. అప్పటినుంచి దాంట్లో సంగయ్య ఆడే పేకముక్కల ఆట దొంగతనమైపోయింది. మీట నొక్కడమే ఆలస్యం, వంటింట్లోంచి భార్య మనోరమ కేక వస్తుంది.

"షురూ జేసినవా?"

అందుకే రిపేరు దుకాణం రేవణసిద్ధప్ప దగ్గర చప్పుడు చేయని కొత్త కూలర్ కొన్నాడు. ప్రాసెసర్ నెత్తిన కూర్చుని దాని వేడి లాగేసే పంకా అది. తనే వచ్చి బిగిస్తానన్నాడు రేవణసిద్ధప్ప. సంగయ్య వద్దన్నాడు. వస్తే మనోరమ చాయ్ పోస్తుంది. చాయ్ పడితే ఆయన కడుపులో మాట ఆగదు.

మనోరమ కూరగాయలకు పోగానే తనే బిగించాడు. మీట నొక్కితే చీమ నడిచినంత చప్పుడు కూడా లేదు. లోపల దీపం వెలిగిందో లేదో వంగి చూసుకున్నాడు.

మూడింటికి కూతురు పూజిత వచ్చి కూర్చుంది. పాలిటెక్నిక్ కాలేజీల ఆప్షన్లు ఆ రోజు ఐదింటిలోపు పెట్టాలి. లేకపోతే ఈ ఏడు సీటు లేనట్టే.

ఇరవై కాలేజీలు ఎక్కించిందో లేదో తెర నల్లబడింది.

"నాన్నా! సేవ్ గాలే!"

సంగయ్య ఉరికొచ్చాడు. మళ్లీ వేశాడు. ఐదు నిమిషాలకు మళ్లీ చచ్చింది. అప్పుడే సంచీతో మనోరమ వచ్చింది.

"ఏమైంది?"

"కరెంటు పోయింది."

"మరి పైన ఫ్యాను నీ భయానికి తిరుగుతుందా?"

సంగయ్య కంప్యూటరు పెట్టె పక్క రేకు విప్పి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాడు. పెట్టెలోని పదేళ్ల దుమ్ము ముగ్గురి మొహాలకూ కొట్టింది. కంప్యూటరు మాత్రం మళ్లీ ఆగింది. నాలుగు దాటింది.

"నెట్ సెంటర్ల?" అంది మనోరమ.

"పొద్దున్నే చూసిన అమ్మా, లైను రోడ్డు దాక ఉంది. ఫోన్ల ఆ పేజీ తెరుచుకుంటలేదు," అంది పూజిత, ఏడుపు మింగుతూ.

సంగయ్య రేవణసిద్ధప్పకు ఫోన్ చేశాడు. స్విచ్ఛాఫ్. ఈలోగా మనోరమ పెట్టెలోకి తొంగిచూసింది.

"గీ కొత్తది ఎవరు వెట్టిన్రు?"

"నేనే. పిల్లకు సప్పుడైతదని..."

"దాని కింద తళతళ మెరిసేదేంది?"

"ప్లాస్టిక్. కొత్త సామాను గదా, ఖరాబు గావద్దని తియ్యలే."

టీవీ రిమోటుకు ఐదేళ్లుగా కవరు, బండి సీటుకు ఏడేళ్లుగా కవరు. ఇన్నాళ్లూ ఓర్చుకుంది మనోరమ.

"పెనానికి కవరు తొడిగి రొట్టె కాలుస్తరా? వేడి ఎట్ల గుంజుతదయ్యా?"

మరలు విప్పించింది. పొర చర్రున లాగి పారేసింది. కరెంటు పోయిందన్న ఆ నోరు ఇంకో అబద్ధానికి తెరుచుకోకముందే ప్రాసెసర్ మీది పాత పేస్టు తుడిపించి, కూలర్ డబ్బా మీది బొమ్మ చూసి, దాంతో వచ్చి మిగిలిన పేస్టును తమలపాకుకు సున్నం రాసినట్టు తనే రాసింది. మళ్లీ బిగించారు.

నాలుగూ యాభై రెండుకు ఆఖరి కాలేజీ ఎక్కింది. సేవ్ అయింది. సంగయ్య అంగీ పిండితే బిందె నిండేది.

"పిల్ల కోసం తెచ్చినవా? మంచిగ జేసినవ్," అంది మనోరమ. ఆ మెప్పు అతనికి తేలు కుట్టినట్టనిపించింది. అయినా ఉంచుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె రొట్టెలు కొడుతుండగా మెల్లగా మీట నొక్కాడు. చప్పుడు లేదు. ఆట తెరిచాడు. ఒక ముక్క జరిపాడు. రెండోది జరిపాడు.

"ఎన్నో ఆట?"

"ఆటేంది? పూజిత ఫారం చూస్తున్న!"

"ఫారం చూసెటోడు మౌసును టిక్కుటిక్కు, టిక్కుటిక్కు అని కొట్టడు. ఇన్నేండ్లు గా గిర్ని మోతల నాకేం ఇనవడలే. ఇప్పుడు నువ్వు ఏ ముక్క మీద ఎంతసేపు ఆలోచిస్తున్నవో గూడ ఎరుకైతుంది."

సంగయ్య వేలు గాల్లోనే ఆగిపోయింది.

"ఆపకు. ఆగినా ఎరుకైతది," అంది మనోరమ. "లేచొచ్చి ఉల్లిగడ్డలు కొయ్యి."