రెండు ముద్దల మనిషి

యుద్ధం పుణ్యమా అని బెంగళూరులో బియ్యానికి కార్డులొచ్చిన ఏడాది, మాకు పెళ్ళయిన నలభయ్యో నాడు, ఆహారధైర్య శాఖ నుంచి శుభవార్త వచ్చింది. మా వారిని ఇన్‌స్పెక్టరుగా వేసుకుంటారట! షరతు ఒక్కటే. తొంభై ఎనిమిది పౌన్ల మనిషి నెలలో నూట పన్నెండు కావాలి. తిండికి కొరత లేదని జనానికి ధైర్యం చెప్పేవాడు బక్కగా ఉంటే బాగుండదు గదా. ఒళ్ళు చేయకపోతే హొసకోటె గోదాములో గుమాస్తా పని. అక్కడ భార్యలకు ప్రవేశం లేదు. సర్కారువారి ముందుచూపును మెచ్చుకోవలసిందే.

రోజూ తిండి, వ్యాయామం, వారానికోసారి బరువు పుస్తకంలో ఎక్కించి, ఇంట్లో చదువుకున్నవారు సంతకం చేయాలి. ఇంటర్మీడియట్ ప్యాసైనదాన్ని నేనే. మొగుడి పేరు రాయడం మా ఇంటా వంటా లేదు కనక ప్రతి పేజీలోనూ ‘మా వారు’ అని రాశాను.

మొదటి రోజు, వర్తూరు నుంచి మా నాయన బండిలో పంపిన సరుకుతో వండిన ఆరు సంగటి ముద్దలు, పావు సేరు నెయ్యి అని పైకి చదువుకుంటూ రాస్తున్నాను. మా అత్త భాగీరథమ్మ గుండెలు బాదుకుంది.

“ఆరని రాస్తావేమే! ఎవురి కండ్లన్నా పడితే నా కొడుకు ఏం గావల్ల? రెండని రాయి. నెయ్యి మాటే ఎత్తొద్దు!”

రెండని రాశాను. పెద్దల మాట.

వ్యాయామం లాల్‌బాగ్‌లో రెండు మైళ్ళ నడక. అందులో మైలున్నర బెంచీ మీద, నా పక్కనే జరిగింది. ఆయన బస్కీలు తీస్తే నేను లెక్కపెట్టాలి. పదకొండో దానికి ఆయన నవ్వేవారు, నేను లెక్క తప్పేదాన్ని, మళ్ళీ ఒకటి. నెల పొడుగునా పదకొండు దాటలేదు.

బరువుకు చిక్కమునియప్ప మిరపకాయల మండీ త్రాసు. మా వారు తుమ్ముతూ తూగేవారు. మండీ ఆచారం ప్రకారం చిక్కమునియప్ప నాలుగు పౌన్లు తరుగు కొట్టేసేవాడు.

“గోనె బరువు పోవల్ల గదమ్మా.”

“గోనె ఎక్కడుందప్పా?”

“పంచె ఉండాది గదా!”

మిగిలిన దాంట్లో దిష్టి కోసం అత్త మరికొంత తగ్గించేది. నెల తిరిగేసరికి మా వారి చొక్కా గుండీలు ఒక్కొక్కటే రాజీనామా ఇచ్చాయి. పుస్తకంలో మాత్రం ఆయన తొంభై నాలుగు పౌన్లు. అన్ని పేజీల కిందా నా సంతకమే. నాకు హొసకోటె కళ్ళ ముందు కనిపించింది.

ఈ మధ్యాహ్నం శాఖ అధికారి ఓబళప్పగారు, సంతకం చేసిన నన్నూ పిలిపించి, నిండు సభలో పుస్తకం చదివారు. “మా వారు రెండు ముద్దలు తిన్నారు” అని ముప్ఫైసార్లు, ఒక్కసారీ నవ్వకుండా. తరువాత కుర్చీలో పట్టక పక్కలకు పొంగుతున్న మా వారిని చూశారు. మళ్ళీ పుస్తకం చూశారు. త్రాసు తెప్పిస్తారేమోనని తలుపు వైపు చూశాను. రాతకోతలుండగా త్రాసెందుకు?

“సోదరులారా!” అన్నారు లేచి. “రోజుకు రెండే ముద్దలు! బరువు తొంభై నాలుగే! అయినా ఈ పుష్టి చూడండి! ఇన్నాళ్ళూ మనం అనవసరంగా తింటున్నాం!”

భోజనాలు చేసి వచ్చిన పెద్దలంతా చప్పట్లు కొట్టారు.

ఉద్యోగం వచ్చింది, హొసకోటె తప్పింది, అత్త మూడుసార్లు దిష్టి తీసింది. రేపు ఉదయం పది గంటలకు మైదానంలో సభ. మా వారు చొక్కా విప్పి వేదిక మీద నిలబడతారు. ఓబళప్పగారు కార్డుకు బియ్యం సగానికి తగ్గించిన శుభవార్త వినిపిస్తారు. మీరంతా కార్డులతో తప్పక రండి. నిలబడే ఓపిక ఉన్నవారు చప్పట్లు కూడా కొట్టవచ్చు.