పాప ఫైలు, నాన్న బదిలీ

ఆ రోజు పని చాలా చిన్నది. పదింటికి పాత ఆసుపత్రికి వెళ్ళి పాప ఫైలు నకలు తీసుకోవాలి, నాలుగింటికి దాన్ని కొత్త చెవి డాక్టరు ముందు పెట్టాలి. అంతే. పిచ్చుక అని ఇంట్లో ముద్దుగా పిలుచుకునే మూడేళ్ళ పాప నెల రోజులుగా వెనక నుంచి పిలిస్తే పలకడం లేదు. ఇదివరకు ఏ మందుకు దాని ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయో పాత ఫైలులో చూడనిదే చుక్క మందు కూడా రాయనని చెవి డాక్టరు ఫోన్లోనే ఖరాఖండిగా చెప్పేశాడు. ఇవాళ తప్పితే మళ్ళీ రెండు నెలలకు గానీ ఆయన దొరకడు.

పిచ్చుక తల్లికి పొద్దుటి నుంచీ కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. పాప పుట్టిన రోజు నుంచీ చూస్తున్నది పాత ఆసుపత్రి డాక్టరమ్మ. ఫైలు ఇమ్మంటే 'నా వైద్యం నచ్చలేదా' అనుకోదూ? మన పాప ఫైలు మనం అడగడానికి మొహమాటమేమిటని అత్తగారు గుమ్మం దాటేదాకా చెబుతూనే ఉన్నారు.

రికార్డుల గదిలో గుమస్తా పాప పేరూ పుట్టిన తేదీ అడిగాడు. ఇంకేమీ అడగలేదు. ఆ అడగకపోవడమే ఆమె కొంప ముంచింది. అంత నిశ్శబ్దాన్ని తట్టుకోలేక, "మా ఆయనకి బదిలీ అయిందండి," అనేసింది.

గుమస్తా ఉన్నపళంగా లేచి నిలబడ్డాడు. "అయితే ఇల్లు ఖాళీ చేస్తున్నారన్నమాట."

మూడు నెలలుగా అద్దె ఇంటి కోసం కాళ్ళరిగేలా తిరుగుతున్నాడట. ఏ వీధి అన్నాడు, ఎన్ని గదులన్నాడు, నీళ్ళు బాగా వస్తాయా అన్నాడు. అబద్ధంలోకి దిగాక బయటికి రావడం చేతకాక, నీళ్ళు బాగానే వస్తాయని ఆమె నిజం చెప్పింది. బదిలీ ఏ ఊరికని అడిగితే, బల్ల కింద అట్టపెట్టె మీద అచ్చువేసిన ఊరి పేరు చదివేసింది. గుమస్తా ఆ కబురు ఫోన్లో భార్యకు చేరవేసి, సంతోషం పట్టలేక ఆమెకు ఓ సాయం కూడా చేశాడు. చూపించిన చోటల్లా సంతకాలు పెట్టించుకుని, అంత దూరం మీరెందుకు మొయ్యాలంటూ నకలును కవర్లో పెట్టి, ఆ ఊరి పెద్దాసుపత్రి చిరునామా రాసి, అప్పుడే వచ్చిన కొరియర్ మనిషి సంచిలో పడేశాడు. ఆమె నోరు పెగిలేలోపు సంచి మెట్లు దిగిపోయింది.

పాపను చంకనేసుకుని వీధి మలుపు దాకా పరుగెత్తింది. అరగంట వెతికినా కొరియర్ బండి దొరకలేదు గానీ ఫోను మోగింది. ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ. ముందుగా ఒక్క మాట చెప్పాలన్న ఇంగితం ఉండక్కర్లేదా అని దులిపేసి, ఎవరో ఆవిడ వచ్చి వంటగది కొలతలు తీసుకుంటోందనీ, అంత దూరపు ఊరికి ఎందుకు పోతున్నారని మీ ఆయన్నే అడిగేశాననీ చెప్పింది.

మరుక్షణం భర్త ఫోను. "నాకు బదిలీ అయిందట. ఇంటావిడకి తెలుసు, దారిన పోయేవాళ్ళకి తెలుసు. నాకొక్కడికే తెలీదు."

"అది కాదండీ, నేనే..."

"నువ్వు మధ్యలో రాకు. మేనేజర్ని ఇవాళ కడిగేస్తాను."

తిరిగి ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఇక ఆమె మొహమాటం గాలికి పోయింది. ఆసుపత్రికి తిరిగొచ్చి డాక్టరమ్మ గదిలోకి దూసుకుపోయి, తలుపు దగ్గరే మొదలుపెట్టి, కుర్చీ చేరేలోపు మొత్తం కక్కేసింది.

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నేను నొచ్చుకుంటాననా ఇంత కథ? ఆ ఫైల్లో ఉన్నదంతా మీ పాపదమ్మా. ఎప్పుడడిగినా నకలు ఇవ్వాల్సిందే. ఎందుకూ అని మేం అడక్కూడదు."

"ఆయన అడగలేదండి," అంది ఆమె, గుమస్తా మీదికి మాట రాకూడదని. "నేనే చెప్పాను."

అసలు ఫైలు బీరువాలోనే ఉంది. ఐదు నిమిషాల్లో ఇంకో నకలు, యంత్రం వేడి ఆరకముందే, ఆమె చేతికొచ్చింది. గుమస్తా మొహం మాత్రం చూడలేకపోయింది. వంటగది కొలతలు అప్పటికే అతని ఫోనుకు చేరిపోయాయి.

నాలుగింటికి చెవి డాక్టరు దీపం వేసి పాప చెవులు చూసి, ఫైల్లో మూడు పేజీలు తిప్పి, దద్దుర్లు తెప్పించిన మందు పేరు మీద వేలు పెట్టి ఆగిపోయాడు. ఆయన రాయబోయింది సరిగ్గా అదే. దాన్ని మానేసి వేరే మందు రాశాడు. తర్వాత పిచ్చుక రెండు చెవుల్లోంచీ బఠాణీ గింజంతేసి గుబిలి ఉండలు బయటికి తీశాడు.

బయట బెంచీ మీద తల్లి కాగితాలు సర్దుకుంటోంది. సంచి అడుగున, బట్టల కింద, ఫోను సన్నగా మోగింది. ఆమెకు వినిపించలేదు.

"అమ్మా, ఫోను," అంది పిచ్చుక.

పాపను గుండెకు హత్తుకుని ఉండిపోయింది. ఫోను ఆగిపోయి మళ్ళీ మోగితే గానీ ఎత్తలేదు. అవతల భర్త గొంతు నీరసంగా ఉంది. ఊరి పేరు పెట్టి మరీ మేనేజర్ని నిలదీశాడట. ఆయనకు అసలు ఆ ఆలోచనే లేదట. కానీ ఆ ఊరి బ్రాంచికి వెళ్ళే మనిషి దొరక్క ఏడాదిగా తల పట్టుకుని కూర్చున్నాడట. మాట వచ్చింది కదా అని సాయంత్రంలోపే బదిలీ ఉత్తర్వు టైపు చేయించాడు.

ఇంటికొచ్చాక అత్తగారు అంతా విన్నారు. పాప వెనక్కి వెళ్ళి మెల్లగా పిలిచారు. అది గిరుక్కున తిరిగాక, తీరిగ్గా కోడలి వైపు చూశారు.

"ఎలాగూ అబద్ధం ఆడావు. ప్రమోషన్ వచ్చిందని ఆడకపోయావా?"