సింకులో బైపాసు

ఆ ఉదయం దర్జీకి ఉన్న పని ఒక్కటే, ఆసుపత్రికి వెళ్లడం. గుండె రక్తనాళంలో అడ్డు ఉందన్నారు. మందులా, స్టెంటా, బైపాసా అన్నది స్కాన్ రిపోర్టు చూశాక తేల్చుదామనీ, ఈలోగా ఇంట్లో మాట్లాడుకోమనీ డాక్టరు చెప్పాడు. బతుకంతా కత్తెర పట్టినవాడే అయినా, తన ఒంటిమీద కత్తి పడుతుందేమోనని దర్జీకి రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు.

"రక్తనాళమంటే ఏముంది బావా, అదీ పైపే. చూపిస్తాను, నువ్వే తేల్చుకో," అన్నాడు ప్లంబరు బావమరిది.

వంటింటి సింకులో నీళ్లు కాస్త నెమ్మదిగా పోయేవి. అతను అందులో సోడాపొడి వేసి వేణ్ణీళ్లు కుమ్మరించాడు.

"ఇది మందుల పద్ధతి."

నీళ్లలో మార్పేమీ లేదు. ఈసారి పొడవాటి తీగ దూర్చాడు.

"ఇది స్టెంటు."

తీగ ఇరుక్కుంది.

"మరి బయటికెలా వస్తుందిరా?"

"స్టెంటు బయటికి రాదు బావా, లోపలే ఉంటుంది."

"పోయే కాసిని నీళ్లు కూడా ఆపేశావు కదరా," అంది దర్జీ భార్య.

"అందుకేగా అక్కా బైపాసు," అంటూ అతను సింకు కిందికి దూరి పైపు కోశాడు. కోసింది నీళ్లు పోయే పైపు కాదు, వచ్చేది. వంటిల్లు చెరువైంది. కాసేపటికి కింది వాటాలోని గడియారాల మెకానిక్, ఇంట్లోంచే గొడుగు వేసుకుని పైకి వచ్చాడు.

"ఏం చేస్తున్నారండీ మీరు?"

"గుండె ఆపరేషన్," అంది ఆమె, చీపురు ఆపకుండా.

అతను ఇంకేమీ అడగకుండా డాబా మీదికి వెళ్లి ట్యాంకు వాల్వు కట్టేశాడు.

నీళ్లు ఆగినా బావమరిది బయటికి రాలేదు. దర్జీ వంగి చూశాడు. అతని మొహం నిండా చెమట, ఎడమచెయ్యి నొక్కుకుంటున్నాడు.

"రెంచి గట్టిగా తిప్పాను బావా, అంతే. దవడ కూడా లాగుతోంది."

"దవడతో తిప్పావా రెంచి?"

ఆ లాగుడు దర్జీకి కొత్త కాదు. మెట్లెక్కితే తనకూ వచ్చేది, కూర్చుంటే తగ్గేది. ఇతనికి పడుకున్నా తగ్గడం లేదు. దర్జీ వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

ఆసుపత్రిలో బావమరిదిని వెంటనే లోపలికి తీసుకుపోయారు. చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చి, "స్టెంటు వేశాం, గండం గడిచింది," అన్నాడు. తర్వాత డాక్టరే దర్జీ రిపోర్టు తిరగేశాడు. "మీకు ముందు మందులు, రోజూ నడక. నొప్పి తగ్గకపోతే అప్పుడు స్టెంటు సంగతి చూద్దాం. బైపాసు అక్కర్లేదు."

దర్జీకి రెండు రోజుల్లో మొదటిసారి ఆకలేసింది.

లోపల బావమరిదిని మాత్రం పైపుల గురించి ఎవరూ సలహా అడగలేదు.