రక్షణ లేని బ్యాటరీ

ధనుర్మాసం మొదలైతే వెంకటరాయప్పకు పొద్దున్న ఏం చేయాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. చీకటితోనే లేచి స్నానం చేయాలి, నామం పెట్టుకోవాలి, వర్తూరు వెంకటరమణస్వామి గుడి ముందు చేరిన భజన బృందానికి ముందు నిలబడాలి. దీపం పట్టుకుని అందరినీ వీధులన్నీ తిప్పి, తెల్లవారేలోగా మళ్ళీ గుడికి చేర్చాలి. ఆ తర్వాతే తన పాత్రల అంగడి తెరవాలి. భజన ముందు దీపం పట్టడం వాళ్ళ ఇంటి హక్కు. తండ్రి లాంతరు పట్టాడు. రాయప్ప చాలాకాలం పెట్రోమాక్స్ పట్టాడు. దానిలో వెలిగే మాంటిల్ వల ముట్టుకుంటే రాలిపోయే గుణానికి విసిగి, ఈ ఏడాది మేనల్లుడు ఇచ్చిన టార్చి పట్టాడు.

మేనల్లుడు హేమంత్‌కుమార్ బెళ్ళందూరులో కంప్యూటరు ఉద్యోగి. అతనికి టార్చీల పిచ్చి. అతనిచ్చిన టార్చి అరచేతిలో ఇమిడిపోతుంది. లోపల ఒకటే లిథియం బ్యాటరీ, బొటనవేలి కన్నా కాస్త లావు. వెలుగుకు మూడు మెట్లున్నాయి. రాయప్ప పొదుపుగా అన్నిటికన్నా చిన్న మెట్టు మీదే నడిపించాడు.

వారం రోజులు బాగానే వెలిగింది. ఆ శనివారం, పైపుల కోసం తవ్విన వీధిలో, గుంట మీద వేసిన పలక దగ్గరికి వచ్చేసరికి ఉన్నట్టుండి ఆరిపోయింది. మినుకుమనలేదు, మసకబారలేదు. వెనక తాళాలు వాయిస్తున్న రాజగోపాల్ కాలు మోకాలిదాకా బురదలోకి దిగింది. గోవింద నామం సగంలో ఆగింది.

రాజగోపాల్ ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాడు. "కరెంటు తెలిసినోని చేతిలో ఉండాల లైటు" అని ముందు నుంచీ అంటూనే ఉన్నాడు. ఇప్పుడు బురద కాలితో అన్నాడు కాబట్టి అందరికీ వినబడింది.

రాయప్ప తల్లికి అక్క ఒకావిడ ఉంది. ఊరందరికీ ఆమె దొడ్డమ్మే. బృందంలో ఆమె మాటే చివరి మాట. "స్వామి పేరు నోట్లో ఉండంగా దీపం ఆరిపోవడమేమిరా రాయప్పా? ఇట్లాంటిది మీ నాయన కాలంలో లేదు. సోమవారం ఒక్క దినం చూస్తాము. మళ్ళా ఆరితే రాజగోపాల్ పట్టుకోనీ. రేపు భజన వద్దు, వాని కాలు వాచి ఉండాది."

రాయప్ప ఇంటికి వచ్చి అంగడి కూడా తెరవకుండా మేనల్లుడికి ఫోన్ చేశాడు. హేమంత్ ఆఫీసు సెలవు కావడంతో బండి మీద వచ్చేశాడు.

"అది చెడిపోలేదు మామా, కాపాడింది," అన్నాడు, టార్చి విప్పి చూసి.

"ఎవరిని కాపాడిందప్పా?"

"బ్యాటరీని. లిథియం బ్యాటరీలో చార్జి ఒక హద్దు కన్నా కిందకి దిగితే దాని ప్రాణం పోతుంది. అందుకని అడుగున చిన్న సర్క్యూట్ పెట్టుంటారు. హద్దు రాగానే అదే కట్ చేస్తుంది. దాన్నే ప్రొటెక్షన్ అంటారు."

"రాజగోపాల్ గుంటలో పడినాడు. బ్యాటరీ క్షేమంగా ఉండాది. బాగుంది."

"మీరు చార్జి చేసినారా మామా?"

"ఆరిపోయేటట్టుంటే అదే చెప్తుంది అనుకున్నా. గుళ్ళో దీపం నూనె అయిపోతే మినుకుమని చెప్పదా? నూనె లేని దీపానికి ఉన్న మర్యాద దీనికి లేదా?"

హేమంత్ టార్చితో పాటు ఇచ్చిన చార్జర్‌ను ప్లగ్గులో పెట్టాడు. బ్యాటరీని చార్జర్లో పెట్టి, పచ్చదీపం వచ్చాక తీయమని చెప్పి వెళ్ళిపోయాడు.

పచ్చదీపం వచ్చింది. రాయప్ప భార్య రత్నమ్మ అది చూసి బ్యాటరీని తీసింది. దీపం ఆరిన దోషం పోవాలని దేవుడి గూట్లో పెట్టింది. ఆయుధపూజ నాడు తక్కెడకూ స్కూటరుకూ పెట్టినట్టే దీనికీ రెండు కొసలా చిక్కగా గంధం పూసి కుంకుమ బొట్టు పెట్టింది. దండం పెట్టుకుని, మళ్ళీ టార్చిలో వేసి మూత బిగించింది. ఈ సంగతి ఎవరికీ చెప్పాల్సిన విషయంగా ఆమెకు తోచలేదు.

సాయంత్రం రాయప్ప స్విచ్చి నొక్కాడు. వెలగలేదు. మళ్ళీ నొక్కాడు.

"మళ్ళా కాపాడుకుంటా ఉండాది," అన్నాడు పళ్ళు నూరుతూ. "ఇది నన్ను తప్ప అన్నిటినీ కాపాడుతుంది."

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి సిటీ మార్కెట్ దగ్గర ఒక ఎలక్ట్రికల్ అంగడికి వెళ్ళాడు.

"ఇదే సైజులో లిథియం బ్యాటరీ కావాల. ప్రొటెక్షన్ లేనిది."

అంగడివాడు తలెత్తి చూశాడు. "అందరూ ఉండేది అడుగుతారు సార్."

"అడగనీ. నాకు చెప్పకుండా ఆరిపోనిది కావాల."

అంగడివాడు ఎర్రరంగు బ్యాటరీ ఒకటి తీశాడు. దాని మీద కెపాసిటీ అంకె రైల్వే టికెట్ నంబరంత పొడుగు. "ఇది మధ్యలో కట్ కాదు సార్, గ్యారంటీ," అన్నాడు. ఆ మాట వరకు అతను అబద్ధం చెప్పలేదు.

ఇంటికి వచ్చి, నమ్మకం కుదరాలని రాయప్ప దాన్ని టార్చిలో వేసి, వెలిగించి దేవుడి గూట్లో పెట్టాడు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి చూశాడు, వెలుగుతోంది. కునుకు తీసి వచ్చి చూశాడు, కాస్త మసకబారింది. పొద్దు వాలేసరికి నిప్పుకణికలా మెల్లగా తగ్గుతూ వచ్చింది.

"చూడు రత్నా, చూడు," అని భార్యను పిలిచాడు. "ఎంత పద్ధతిగా చెప్పి పోతాండాదో."

చివరి మెరుపు దాకా నిలబడి చూసి, తృప్తిగా దాన్ని చార్జర్లో పెట్టాడు. చార్జర్ ఎర్రదీపం ఆర్పుతూ వెలిగిస్తూ గొణిగింది తప్ప దాన్ని ఒప్పుకోలేదు. తీసి పెట్టాడు, తిప్పి పెట్టాడు. ఒప్పుకోలేదు. మళ్ళీ ఫోన్. మళ్ళీ హేమంత్.

"దీన్నింక చార్జి చేయొద్దు మామా. పూర్తిగా పిండేసినారు, లోపల దెబ్బ తినింది. బలవంతంగా చార్జి చేస్తే వేడెక్కి నిప్పు కూడా అంటుకోవచ్చు. ఇటివ్వండి, పారేసే చోట నేనే పారేస్తా."

"మరి ఇది తన్ను తాను కాపాడుకోలేదా?"

"కాపాడుకునేది వద్దని కదా మామా మీరు అడిగి తెచ్చుకుండేది?"

రాయప్ప గోడ వైపు తిరిగాడు. హేమంత్ ఆ బ్యాటరీ మీది అంకె చదివి నిట్టూర్చాడు. "ఈ సైజులో ఇంత చార్జి పట్టే బ్యాటరీ లోకంలో లేదు. అంకె చూసి కొనగూడదు మామా. మంచి కంపెనీదా, ప్రొటెక్షన్ ఉండాదా, టార్చిలో పొడుగు సరిపోతుందా, ఇవి చూసి కొనాల. అవునూ, నేనిచ్చింది ఏమైంది?"

రాయప్ప జేబులోంచి తీసిచ్చాడు. బొట్టు అతనూ చూశాడు కానీ, ఆ ఇంట్లో బొట్టు లేని వస్తువే వింత. హేమంత్ రెండు కొసలూ తిప్పి చూశాడు.

"దీనికి బొట్టు ఎవరు పెట్టినారు?"

"నేనే," అంది రత్నమ్మ వంటింట్లోంచి. "ఆయుధపూజకి నీ కంప్యూటరుకి పెట్టలేదా?"

"పెట్టినాను అత్తా. ప్లగ్గు పిన్నులకి పెట్టలేదు."

గంధం ఎండి రాయిలా పట్టుకుంది. అతను తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో తుడిచి టార్చిలో వేశాడు. భళ్ళున వెలిగింది. రాయప్ప కళ్ళు మూసుకున్నాడు. అది భక్తో, వెలుగు కంట్లో పడటమో తెలియలేదు. హేమంత్ అదనంగా ఇంకో ప్రొటెక్షన్ బ్యాటరీ కూడా నిండా చార్జి చేసి ఇచ్చాడు. "రేపు ఇది ఆరితే నన్ను అడగండి మామా."

"నిన్ను కాదప్పా, నన్ను అడుగుతారు."

సోమవారం చీకట్లో బృందం బయల్దేరింది. రాజగోపాల్ చంకలో ఎమర్జెన్సీ లైటు పెట్టుకుని, పిలిస్తే రావడానికి సిద్ధంగా సరిగ్గా రాయప్ప వెనకే నడుస్తున్నాడు. రాయప్ప ఇక పొదుపు ఎందుకనుకున్నాడు. టార్చిని అన్నిటికన్నా పెద్ద మెట్టు మీద పెట్టాడు.

వీధి పట్టపగలైంది. కుక్కలు లేచాయి. రాయప్ప ఛాతీ విప్పుకుని గోవింద నామం అందుకున్నాడు. మొదటి వీధి దాటారు, రెండోది దాటారు. టార్చి రెప్ప వేయలేదు. తవ్విన వీధిలోకి తిరిగాక రాయప్ప వెలుగును గుంట మీదికి వేసి, అందరికీ దారి చూపించాడు.

దారి అందరికీ కనబడింది. గుంట రెండు నిలువుల లోతుంది. అడుగున ఇనుపచువ్వలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. రాజగోపాల్ కాలు దిగిన చోటు మాత్రం అంచున మట్టి జారి ఏర్పడిన చిన్న మెట్టు. ఇక పలక సంగతి చెప్పాలంటే, అది మధ్యలో విరిగి, రెండు ముక్కలనూ కలిపి ఎవరో తీగతో కట్టారు.

తాళాలు ఆగిపోయాయి.

"రాయప్పా," అంది దొడ్డమ్మ నెమ్మదిగా, "దినామూ మనము దీని మీదేనా నడిచింది?"

"అవును దొడ్డమ్మా."

"ఇన్ని దినాలూ నువ్వు ఆ చిన్న దీపం పట్టి నన్ను దీని మీద నడిపిస్తివా?"

ఆమె అక్కడే అరుగు మీద కూర్చుంది. రాజగోపాల్ ఒకసారి చువ్వల వైపు, ఒకసారి తన కాలి వైపు చూసుకుని ఆమె పక్కనే కూర్చున్నాడు. పలక మీద అడుగు పెట్టేవాళ్ళు ఒక్కరూ లేరు. రాయప్ప ఒక్కడే అవతలి దాకా వెళ్ళి వచ్చి చూపిస్తానన్నాడు. అప్పుడు దొడ్డమ్మ అతన్ని తిట్టిన తిట్లకు చుట్టుపక్కల ఇళ్ళలో లైట్లు వెలిగాయి.

వెనక్కి తిరిగి గుడికి వచ్చారు. అర్చకులు విని, వీధి పూడ్చేదాకా స్వామి ఎదుట మంటపంలోనే కూర్చుని భజన చేసుకోమన్నారు. స్వామికి వినబడితే చాలు కదా అన్నారు. అందరూ ఒప్పుకున్నారు. పెద్దవాళ్ళు మరీ సంతోషంగా ఒప్పుకున్నారు. తన టార్చి ఒక్కసారి కూడా ఆరలేదని రాయప్ప రెండుమూడు సార్లు గుర్తుచేశాడు. నిజమే, బాగా వెలిగిందని అందరూ అన్నారు.

మర్నాటి నుంచి భజన మంటపంలో, ట్యూబులైటు కింద జరుగుతోంది. దాని స్విచ్చి రాజగోపాల్ కూర్చునే స్తంభానికి ఉంది.